దిగనంటే దిగని వాయువు

మందమర్రి నుంచి ఒక పాఠకుడు రాశారు. వాళ్ల తాతగారు బొగ్గుబాయిలో పనిచేసిన మనిషట. పేలుడు జరిగిన గనుల్లో కొన్ని శవాల మీద చిన్న గీత కూడా ఉండదనీ, బుగ్గలు ఎర్రగా, కునుకు తీస్తున్నట్టే ఉంటారనీ ఆయన చెప్పేవారట. "ఇది నిజమా, పెద్దవాళ్లు చెప్పుకునే కథా?" అని ప్రశ్న. నిజమే. ఆ ఎరుపు వెనక ఎంత రసాయనశాస్త్రం ఉందో చెప్పే అవకాశం వచ్చాక, ఈ నెలకు అనుకున్న వ్యాసం వాయిదా పడక తప్పలేదు.

బొగ్గుగనిలో మనిషిని చంపేవి చాలా ఉన్నాయి. కప్పు కూలుతుంది. నీరు ముంచుకొస్తుంది. 1975లో ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలాలో 375 మంది, 2003లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో 17 మంది నీటికే బలయ్యారు. 1989లో రాణిగంజ్ ప్రాంతంలోని మహాబీర్ గని మునిగినప్పుడు మాత్రం జశ్వంత్ సింగ్ గిల్ అనే ఇంజనీరు పైనుంచి బోరు వేయించి, ఉక్కు క్యాప్సూల్‌లో తానే కిందికి దిగి 65 మందిని పైకి పంపారు. దాని మీద హిందీ సినిమా కూడా వచ్చింది కాబట్టి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మన ఎరుపు దగ్గరికి వద్దాం.

దానికి కారణం కార్బన్ మోనాక్సైడ్. బొగ్గు పొరల్లోంచి ఊరే మీథేన్, గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఆ ఊపుకు నేలమీది బొగ్గుపొడి లేచి అదీ అంటుకుంటుంది. సొరంగంలో ఇంధనం కొండంత, గాలి గోరంత. పూర్తిగా కాలడానికి ఆక్సిజన్ చాలక కార్బన్ సగం కాలి మోనాక్సైడ్‌గా మిగులుతుంది. రంగు లేదు, వాసన లేదు, గొంతులో గరగర కూడా లేదు.

ఈ బొగ్గుపొడి సంగతిలో మహామహులే పప్పులో కాలేశారు. 1844లో ఇంగ్లండ్‌లోని హాస్‌వెల్ గని పేలితే, పరిశీలించడానికి వెళ్లిన మైఖేల్ ఫారడే, చార్లెస్ లయల్ ఇందులో పొడి పాత్ర ఉందని రాశారు. ఎవరికీ పట్టలేదు. 1882లో ఫ్రాన్స్‌లో మల్లార్, లె షాటెలియె అనే ఇద్దరు దిగ్గజాలు, మీథేన్ లేని చోట ఒట్టి పొడితో పెద్ద ప్రమాదం లేదని తేల్చేశారు. అవును, ఇంటర్ కెమిస్ట్రీలో మనం బట్టీపట్టిన 'లీ చాట్లియర్ సూత్రం' ఈ లె షాటెలియెదే. 1906 మార్చి 10న ఉత్తర ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనుల్లో పొడి పేలి 1099 మంది పోయారు. మీథేన్ బెడద అంతగా లేదని పేరున్న గనులవి. ఇక ఎవరూ బతికి ఉండరని అందరూ ఆశ వదులుకున్నాక, ఇరవై రోజులకు 13 మంది చీకట్లో దారి వెతుక్కుంటూ తమంతట తామే పైకొచ్చారు. మన దేశంలో 1965లో ఢోరీ గనిలో 268 మంది ఇలాంటి పేలుడుకే పోయారు. లె షాటెలియె గారిని ఇక్కడితో వదిలేయడం లేదు, ఆయనతో ఇంకా పని ఉంది.

పేలుడులో మనుషులు ఎలా చనిపోతారన్న విషయంలోనూ అందరి లెక్కా తప్పింది. దెబ్బకో, మంటకో, గాలి చాలకో పోతారనుకునేవారు. 1896 జనవరిలో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గని పేలి 57 మంది చనిపోతే, జాన్ స్కాట్ హాల్డేన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త వెళ్లి శవాలను పరీక్షించారు. ఎక్కువమందిని చంపింది మోనాక్సైడ్ అని చూపించారు. ఆ వాయువు పట్టిన రక్తం రంగు ఆయనకు కొత్త కాదు. అంతకుముందే దాన్ని తానే పీల్చి, మధ్యమధ్యలో తన రక్తం తీసి చూసుకుంటూ, సగం దాకా హిమోగ్లోబిన్ దాని వశమయ్యేవరకూ ఆపని మనిషి. కూర్చున్నంతసేపూ ఫరవాలేదు, లేవబోతే కాళ్లు తేలిపోతున్నాయని ఆ ప్రయోగాల్లోనే తెలిసింది.

ఇక అసలు కథ. హిమోగ్లోబిన్ అణువులో ఆక్సిజన్ కూర్చోవడానికి నాలుగు చోట్లున్నాయి. మోనాక్సైడ్ కూడా సరిగ్గా అక్కడే కూర్చుంటుంది, ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా. ఒక చిన్న లెక్క వేయండి. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. మోనాక్సైడ్ 0.1 శాతం ఉందనుకుంటే, ఆక్సిజన్ దానికి 210 రెట్లన్నమాట. ఒకరికి సంఖ్యాబలం, ఒకరికి పట్టు. రెండూ సరిసమానం. కాబట్టి తగినంతసేపు పీలిస్తే సగం హిమోగ్లోబిన్ మోనాక్సైడ్ పాలవుతుంది. వెయ్యి పాళ్ల గాలిలో ఒక్క పాలు చాలు!

ఇక్కడ ఒక చిక్కుంది. రక్తహీనతతో హిమోగ్లోబిన్ సగానికి పడిపోయిన మనిషి, ఆయాసపడుతూనైనా ఇంటిపని చేసుకుంటాడు. మోనాక్సైడ్ సగం పట్టిన మనిషి కుప్పకూలతాడు. ఇద్దరికీ మిగిలింది సగమే కదా, ఈ తేడా ఎక్కడిది? నాలుగు సీట్ల ఆటోను ఊహించుకోండి. ఇద్దరు దిగనని మొండికేసి కూర్చున్నారు. వాళ్లను చూసి మిగతా ఇద్దరూ తమ స్టాపు వచ్చినా దిగడం మానేశారు. జరిగేది అచ్చంగా ఇదే. ఒకటి రెండు చోట్ల మోనాక్సైడ్ చేరగానే హిమోగ్లోబిన్ ఆకృతి మారి, మిగతా చోట్లలోని ఆక్సిజన్‌ను మరింత బిగించి పట్టుకుంటుంది. అది మెదడు దాకా వెళ్తుంది, అక్కడ దిగకుండానే తిరిగొస్తుంది. రక్తంలో ఆక్సిజన్ ఉంది, మెదడుకు లేదు. దీనికంటే క్రూరమైన ఏర్పాటును నేను చూడలేదు, ఇంతకంటే అందమైనదాన్నీ చూడలేదు.

ఎరుపు రహస్యమూ ఈ హిమోగ్లోబిన్‌లోనే ఉంది. మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ ఆక్సిజన్ పట్టినదానికంటే ఎర్రగా మెరుస్తుంది. కరోనా రోజుల్లో మనందరం వేలికి తగిలించుకున్న ఆక్సీమీటర్‌ది కూడా రంగును చూసే బుద్ధే కాబట్టి, అది ఈ రెండింటికీ తేడా తెలుసుకోలేక 98 అని చూపిస్తుంది, అవతల మనిషి చావుబతుకుల్లో ఉన్నా.

మోనాక్సైడ్ కణాలను కూడా విషపూరితం చేస్తుందేమో, అసలు నేరం హిమోగ్లోబిన్ దగ్గరే జరుగుతుందని ఎలా నమ్మడం? దీనికి హాల్డేన్ 1895లో చేసిన ప్రయోగం తలుచుకుంటే ఇప్పటికీ చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. ఎలుకను రెండు వాతావరణాల పీడనమున్న ఆక్సిజన్‌లో పెట్టి మోనాక్సైడ్ వదిలారు. దాని హిమోగ్లోబిన్ దాదాపు పూర్తిగా పనికిరాకుండా పోయింది. ఎలుక మాత్రం హాయిగా తిరిగింది! రక్తపు నీటిలో నేరుగా కరిగిన ఆక్సిజనే దానికి సరిపోయింది.

గనుల్లోకి పిట్టను తీసుకెళ్లమన్నదీ ఈయనే. కెనరీ పిట్ట సుకుమారం కాబట్టి ముందు పడిపోతుందని ఈరోజుకీ రాస్తుంటారు. తప్పు. దాని రక్తం మన రక్తం కంటే బలహీనమైనదేమీ కాదు. తేడా వేగంలో ఉంది. చిన్న ప్రాణి తన బరువుకు ఎన్నో రెట్లు ఎక్కువ ఆక్సిజన్ ఖర్చు చేస్తుంది, అంత వేగంగానూ ఊపిరి తీస్తుంది. హాల్డేన్ ఎలుకల్లో చూసిన తేడా సుమారు 20 రెట్లు. మనిషికి గంటలు పట్టే స్థితి దానికి నిమిషాల్లో వస్తుంది. మంచి గాలి తగిలితే కోలుకోవడమూ అంతే వేగం. పిట్టలను చావనిచ్చేవారనుకోవడం మరో పొరపాటు. ఆక్సిజన్ సిలిండర్ అమర్చిన పంజరాలే ఉండేవి. బ్రిటన్ గనుల్లో పిట్టలకు సెలవిచ్చి ఎలక్ట్రానిక్ పరికరాలను తేవాలన్న నిర్ణయం 1986లో గానీ జరగలేదు.

హాల్డేన్ కొడుకు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. కుర్రాడిగా ఉన్నప్పుడు తండ్రి అతన్ని గనిలోకి తీసుకెళ్లి, నిలబడి షేక్‌స్పియర్ నాటకంలోని మార్క్ ఆంటోనీ ప్రసంగం చదవమన్నారు. కొన్ని మాటలకే కుర్రాడు కూలబడ్డాడు. మీథేన్ గాలి కంటే తేలిక, కప్పు కిందే పేరుకుంటుంది. నేలమీద పడ్డాక మంచి గాలి తగిలి లేచాడు. ఆ కుర్రాడే జె.బి.ఎస్. హాల్డేన్. హిమోగ్లోబిన్ కోసం ఆక్సిజన్, మోనాక్సైడ్‌ల పోటీకి లెక్కలు కట్టిన 1912 నాటి పరిశోధన పత్రంలో తండ్రి పక్కన ఆయన పేరూ ఉంది. తర్వాత భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చారు.

గనుల్లో రెస్క్యూ వాళ్ల పద్ధతులన్నీ ఈ రెండు వాయువుల పోటీ నుంచి పుట్టినవే. సొంత ఆక్సిజన్ లేకుండా పరుగెత్తి లోపలికి వెళ్లినవాడు కాపాడేవాడు కాడు, ఇంకో శవం అవుతాడు. లోపల చిక్కినవాళ్లు బయటికి రాలేకపోతే, దారికి అడ్డు కట్టుకుని కొంత మంచి గాలిని తమ దగ్గర దాచుకోవాలి. 1909లో అమెరికాలోని చెర్రీ గని తగలబడినప్పుడు ఇరవై మందికి పైగా అలా కట్టుకుని, ఎనిమిది రోజులకు బయటపడ్డారు. 2006లో అక్కడి సాగో గనిలో 12 మంది అదే చేశారు. కానీ వాళ్లు కట్టిన తెర వెనకకు మోనాక్సైడ్ చేరింది. ఒక్కరే బతికారు.

గని కార్మికులు నడుముకు కట్టుకునే ఫిల్టర్ రకం సెల్ఫ్ రెస్క్యూయర్‌లో మాంగనీస్, రాగి ఆక్సైడ్ల మిశ్రమం ఉంటుంది. అది మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. మారేటప్పుడు వేడి పుడుతుంది కాబట్టి నోట్లోకి కాలిపోయే గాలి వస్తుంది. ఆ మంటకు తీసి పారేయాలనిపిస్తుంది. ఎంత మండితే బయట అంత విషముందని అర్థం. తీస్తే అంతే.

బతికి పైకొచ్చినవాళ్లకు వైద్యం? స్వచ్ఛమైన ఆక్సిజన్. సమతాస్థితిలో ఒకవైపు ఆక్సిజన్ పెంచితే, చర్య మోనాక్సైడ్‌ను వెళ్లగొట్టే దిశగా జరుగుతుంది. ఎవరి సూత్రం? బొగ్గుపొడి విషయంలో బోల్తాపడ్డ లె షాటెలియె గారిదే. మామూలు గాలిలో రక్తంలోని మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడితే, ఆక్సిజన్‌తో గంటా గంటన్నర చాలు.

ఇదంతా మాకెందుకు అనేవాళ్లు ఉంటారు, వాళ్ల కోసం ఒక్క మాట. కిటికీ లేని స్నానాల గదిలో గ్యాస్ గీజరు, తలుపులేసుకున్న గదిలో బొగ్గుల కుంపటి, మూసిన షెడ్డులో జనరేటరు. వీటి దగ్గర తయారయ్యేది టైలర్స్‌టౌన్‌లో చంపిన వాయువే. గనికి వెళ్లేవాడి నడుముకు రెస్క్యూయర్ ఉంటుంది. గీజరు కొన్నవాడి ఇంట్లో మోనాక్సైడ్ అలారం సంగతి అలా ఉంచండి, వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టి ఉంటుంది. ముందు దాన్ని తీసేయండి.