పాత పాట, కొత్త వాన

గొడుగు మడిచి, వీధిదీపపు స్తంభము పట్టుకొని వానలో పాడు జీన్ కెల్లీని చూచినవారు ఆ పాట ఆ చిత్రము కొరకే పుట్టినదని తలంతురు. మేమును చిరకాలము అట్లే తలంచితిమి. కాని 1952లో ‘సింగింగ్ ఇన్ ది రెయిన్’ వెలువడునప్పటికి ఆ పాట వయస్సు దాదాపు 23 ఏండ్లు.

ఆర్థర్ ఫ్రీడ్ రచనకు నాసియో హెర్బ్ బ్రౌన్ బాణీ కట్టగా, అది ‘హాలీవుడ్ రెవ్యూ ఆఫ్ 1929’ చిత్రమున వినవచ్చెను. చలనచిత్రము మాటలు నేర్చుచున్న కాలమది. 1940లో జూడీ గార్లండ్ మరియొక చిత్రమున దానిని పాడెను. అప్పటికే ఫ్రీడ్ మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థలో నిర్మాత. తన పాత పాటలకు తగిన కథ నల్లుమని అతడు బెటీ కామ్డెన్, అడాల్ఫ్ గ్రీన్ అను రచయితలను కోరెను. పాటలు ముందు, కథ పిదప! వారు ఆ పాటలు పుట్టిన సంధికాలమునే, మూకీలు టాకీలగు కాలమునే, కథావస్తువుగా గ్రహించిరి. యుక్తి యన నిదియే.

1929లో వానకోట్లు తొడిగిన బృందము వేదికపై ఆడిపాడిన పాట యిది. కెల్లీ చేతిలో అది, ప్రియురాలిని గుమ్మమువరకు సాగనంపిన యొక్కని సంతోషమైనది. ఆ నృత్యము చేయునపుడు కెల్లీకి 103 డిగ్రీల జ్వరము! చినుకులు కనబడుటకై నీటిలో పాలు కలిపిరను మాట నమ్మదగినది కాదు. వాన వెనుకనుండి దీపకాంతి ప్రసరింపజేయుటయే అందలి మర్మము.

తుదకు పోలీసువాడు వచ్చి తేరిపార జూడగా, అతడు గొడుగును దారిని పోవు బాటసారి కిచ్చి, తడియుచునే వెడలిపోవును.