బంతులను మోసే యంత్రం

వన్ టౌన్‌లోని దర్గా కొండ మీద నిలిచి చూస్తే విశాఖ ఓడరేవు కనుచూపు మేర పరచుకొని కనిపిస్తుంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం రైలు పెట్టెలలో ఈ రేవుకు చేరుతుంది. పెట్టెను పట్టి బోర్లించే యంత్రం దానిని తొట్టిలోకి కుమ్మరిస్తుంది. అక్కడి నుండి పొడవైన రబ్బరు బెల్టులు దానిని రాశులకు, రాశుల నుండి ఓడలకు చేరుస్తాయి. 1976లో బాహ్య నౌకాశ్రయం ప్రారంభమైన పిదప పెద్ద ఓడలకు సైతం ఈ విధంగానే ఖనిజం నింపటం సాధ్యమైనది.

ఈ రేవు నీడలో పెరిగిన మన విద్యార్థులు కొందరు పోటీ కోసం ఒక రోబోట్‌ను నిర్మించబూనారు. నేలపైనున్న బంతులను గ్రహించి, పైకి మోసి, గమ్యంలో వేయటమే దాని పని. ఓడరేవు బెల్టునే వారు ఆదర్శంగా తీసుకున్నారు. నేను తెలుగు అధ్యాపకుడను; యంత్రశాస్త్రం నా విషయం కాదు. అయినను కుతూహలం కొద్దీ వారి సాధన చూడటానికి వెళ్ళాను. ఒక బంతి చక్కగా పైకి పోయింది. రెండవది దాని వెనుకనే వచ్చి తాకగానే రెండూ బిగుసుకొని ఆగిపోయినాయి. మోటారు మూలిగింది. బలం చాలలేదని తలచి, చందా పోగుచేసి మరింత పెద్ద మోటారు తెచ్చారు. ఈసారి బెల్టే తెగింది! ఆనాటి వారి ముఖాలు చూసిన తరువాతనే ఈ విషయం తెలుసుకోవాలని నాకు పట్టుదల కలిగింది.

దోషం బలంలో లేదు, పోలికలో ఉన్నది. ఖనిజం బెల్టుపై కదలక కూర్చుంటుంది, కాబట్టి అది సరుకు. బంతి దొర్లుతుంది, కాబట్టి అది చక్రం. ఈ ఒక్క భేదం గ్రహిస్తే తక్కినదంతా సులభం.

బల్లపై ఒక పెన్సిలును అడ్డంగా ఉంచి, దానిపై స్కేలు పెట్టి మెల్లగా నెట్టండి. స్కేలు రెండంగుళాలు జరిగితే పెన్సిలు ఒక అంగుళమే జరుగుతుంది. బంతికి ఒక ప్రక్క కదిలే బెల్టు, మరొక ప్రక్క కదలని గోడ ఉన్నప్పుడు జరిగేది ఇదే. బెల్టు సెకనుకు ఒక మీటరు పోతే, జారకుండా దొర్లే బంతి అర మీటరే పోతుంది.

ఇక రెండు బంతులు ఒకదానినొకటి ఆనుకుంటే ఏమగును? ఆనుకున్న రెండు పళ్ళచక్రాలు ఎప్పుడూ ఎదురెదురు దిశలలోనే తిరుగుతాయి. ఒకే దిశలో తిరగలేవు. మన బంతులు రెండూ ఒకే దిశలో తిరుగుతున్నాయి. తాకిన చోట ఒకదాని ఉపరితలం పైకి, రెండవదానిది క్రిందికి పోతుంది. స్పాంజి వంటి గరుకు బంతులైతే ఆ ఘర్షణయే వాటిని బంధిస్తుంది. మోటారు బలం పెరిగిన కొద్దీ ఒరిపిడి పెరుగుతుందేగాని ముడి వీడదు.

దీనికి మూడు ఉపాయాలు కలవు. మొదటిది, రెండు ప్రక్కలా సమాన వేగంతో నడిచే బెల్టులు అమర్చటం. అప్పుడు బంతి తిరగదు, బెల్టు వేగంతోనే సాగుతుంది. అయితే బరువు, ఖర్చు పెరుగుతాయి. రెండవది, ముందరి బెల్టు వేగాన్ని వెనుకదాని కంటె రెట్టింపు చేయటం. పద్దెనిమిది సెంటీమీటర్ల వ్యాసం గల బంతులు ఆనుకొని వచ్చినా, రెండవ బెల్టు పైకి చేరేసరికి వాటి నడుమ మరొక బంతి పట్టేంత ఎడం ఏర్పడుతుంది. మూడవది, బంతి రాకను కనిపెట్టే సెన్సారును ద్వారం వద్ద ఉంచి, బంతి వచ్చినప్పుడు మాత్రమే బెల్టును కొంత నడిపి ఆపటం. ఇది అన్నిటికంటె చౌక.

ఇది మన పిల్లలకు మాత్రమే ఎదురైన చిక్కు కాదు. అమెరికాలో పుట్టిన ఫస్ట్ రోబోటిక్స్ పోటీలో 2020లో ఏడంగుళాల స్పాంజి బంతులు ఇచ్చారు. ఒక యంత్రం ఒకేసారి అయిదింటికి మించి ఉంచుకోరాదు. 2002లో మొదలైన ఆసియా పసిఫిక్ రోబోకాన్ పోటీలలో 2024 సంవత్సరపు ఇతివృత్తం వియత్నాం వరి పంట. అందులో ధాన్యానికి గుర్తుగా బంతులను గాదెలలో వేయవలసి వచ్చింది. ఆట వ్యవధి మూడు నిమిషాలే. ఒక్క బంతి ఇరుక్కుంటే నెలల శ్రమ వృథా.

ఎనిమిది శతాబ్దాల క్రిందటనే అల్ జజరీ అనే మహాశిల్పి ఈ మర్మమెరిగి ఉండెను. 1206లో ముగిసిన గ్రంథంలో ఆయన ఏనుగు ఆకారపు గడియారాన్ని వర్ణించాడు. అందులో ప్రతి అరగంటకు ఒక్క బంతి మాత్రమే విడుదలై డేగ ముక్కు నుండి సర్పం నోటిలో పడుతుంది. ఒకదాని తరువాత ఒకటి, నడుమ ఎడంతో: నేటి సెన్సారు చేసే పనికి మూలసూత్రం ఇదే.

మన విద్యార్థులు చివరకు పాత మోటారునే తిరిగి బిగించి, ద్వారం వద్ద సెన్సారు ఉంచారు. బంతులు వరుసగా పైకి పోయినాయి. పెద్ద మోటారు నేటికీ గది మూలన ఉన్నది. దానిని పారవేయవద్దని కళాశాల సంఘం వారికి నా మనవి. వచ్చే యేడు చేరే పిల్లలకు దానిని చూపి, చందా పోగుచేసే ముందు పెన్సిలును, స్కేలును చేతికి ఇవ్వండి.