తామర ఎందుకు తిరగబెడుతుంది?

“మాత్రలు వాడినన్నాళ్లూ తగ్గింది, మానగానే మళ్లీ వచ్చింది” అని తామర రోగులు నాతో తరచు వాపోతుంటారు. ఎన్నాళ్లు వాడారని అడిగితే, దురద పోయేవరకు అంటారు. చిక్కంతా అక్కడే ఉన్నది.

తామరను శాస్త్రం దద్రువు అన్నది. చరకుడు దీనిని క్షుద్రకుష్ఠాలలో చేర్చగా, సుశ్రుతుడు మహాకుష్ఠాలలో లెక్కించాడు. దీని మొండితనం చూస్తే నాకు సుశ్రుతుని లెక్కే సబబనిపిస్తుంది.

దీనికి మూలమైన శిలీంధ్రం చర్మపు పైపొరలోను, గోళ్లలోను, వెంట్రుకలలోను నివసిస్తుంది. దురద శమించినా అది మిగిలి ఉండవచ్చును. కనుక టెర్బినాఫిన్, ఇట్రాకొనజోల్ వంటి మందులను వైద్యుడు చెప్పినన్ని వారాలూ సేవించవలసిందే. కాలిగోళ్లకు సోకితే టెర్బినాఫిన్ సాధారణంగా 12 వారాలు వాడాలి. ఇట్రాకొనజోల్ క్యాప్సూళ్లను భోజనం కాగానే వేసుకోవాలి. ఎసిడిటీ మందులతో కలిపితే సరిగా ఒంటబట్టవు. గర్భిణులు, కాలేయ వ్యాధి, గుండె బలహీనత ఉన్నవారు ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పాలి.

స్టీరాయిడ్ కలిసిన పూతమందులు దురదను అణచి, తామరను లోలోపల పెంచుతాయి. అంగడివాని మాట మీద వాటిని కొనరాదు. తగిరిస గింజల లేపం నేనూ ఇస్తాను. కాని ఒళ్లంతా పాకినప్పుడు, గోళ్లకు చేరినప్పుడు అది చాలదు, చర్మవైద్యుని వద్దకే పంపుతాను. ఇంట్లో మరెవరికైనా మచ్చలుంటే వారికీ అదే సమయంలో చికిత్స జరగాలి. తువ్వాళ్లు ఎవరివి వారికే ఉండాలి.