ఎర్రదుమ్మును పొడిగుడ్డతో రుద్దొద్దు

సండూరు వైపు ఓ ట్రిప్పు వేసొస్తే చాలు, బళ్లారిలో తెల్ల కారు కాస్తా ఎర్రబారిపోతుంది. ఇంట్లో ఉన్న పాత లుంగీతో పొడిగా తుడిచేస్తుంటారు చాలామంది. చేటంతా అక్కడే. ఇనుప ఖనిజం దుమ్ము గరుకు. పొడిగా రుద్దితే పెయింటు మీద సన్నటి గీతలు పడతాయి. పాలిష్ పట్టిస్తే గానీ పోవు. టాక్సీ మీద బతికేవాళ్లకైతే రేపు బండి అమ్మేటప్పుడు ధరలోనూ కోతే.

ఆటో స్పేర్స్ దుకాణంలో తెలుగులో అడిగినా, కన్నడలో అడిగినా కార్ షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డ ఇస్తారు. గిన్నెలు తోమే సబ్బు మాత్రం వద్దు, వ్యాక్స్ పూతను ఊడ్చేస్తుంది. గుడ్డ కొనేముందు అంచు తడిమి చూడాలి. కుట్టు గట్టిగా ఉంటే అదీ గీరుతుంది. ముందు నీళ్లు ధారగా కొట్టి దుమ్ము జారనివ్వాలి, తర్వాతే షాంపూ. అదీ నీడలోనే. కిందపడిన గుడ్డను ఎంత దులిపినా సరే, ఉతక్కుండా మళ్లీ బండికి తగలనీయొద్దు.