ఏర్చి కూర్చిన పాటలు



ఒక గాయకుని పాటలలో జనులు మిక్కిలి మెచ్చినవానిని ఏర్చి, ఒకచోట కూర్చి వెలువరించుట నేడు సర్వత్ర కానవచ్చుచున్నది. ఇట్టి కూర్పువలన గలుగు మేలెట్టిది, లోపమెట్టిది యని ఘంటసాల వెంకటేశ్వరరావుగారి పాటలను దృష్టాంతముగా గొని విచారింతము.

నిమిషమునకు 78 మారులు తిరుగు పూర్వపు గ్రామఫోను రికార్డున ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములకు కొంచెము మించిన గానమే పట్టెడిది. 1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ నిమిషమునకు 33⅓ మారులు తిరుగు లాంగ్ ప్లే రికార్డును వెలువరించెను. ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు పైగా గానము పట్టుటచే, పది పండ్రెండు పాటలొక్క రికార్డున నిమిడెను. ఏరి కూర్చుట సులభమయ్యెను.

కాని యే కూర్పును సమగ్రము గాదు. అమెరికాలో నల్లజాతివారి చర్చి పాటలనుండియు, బ్లూస్ అను వేదనాగీతములనుండియు పుట్టినది సోల్ సంగీతము. అందు ప్రసిద్ధుడైన ఓటిస్ రెడ్డింగ్ మేలిపాటలను, అతని 'చరిత్ర' యను పేర, 1967 నవంబరులో వెలువరించిరి. డిసెంబరు 10వ తేదీన అతడు విమానప్రమాదమున గతించెను. అతనికి మిక్కిలి కీర్తి తెచ్చిన పాట మరుసటి జనవరిలో గాని వెలువడలేదు. చరిత్ర యన్న కూర్పున ఆ పాటయే లేదు! మన ఘంటసాలవారును 1974 ఫిబ్రవరి 11న అస్తమించిరి. వారి భగవద్గీత రికార్డు ఆ పిమ్మటనే వెలువడెను.

ఏర్చి కూర్చుట మనకు క్రొత్త గాదు. పెదపాటి జగ్గన తన ప్రబంధరత్నాకరమున పలువురి పద్యములను కూర్చెను. వానిలో కొన్ని కావ్యములు నేడు నశించినవి. ఆ పద్యములు మాత్రము మిగిలినవి. జగ్గన కవినామమును, కావ్యనామమును తెలిపియుండుటచేతనే గదా, అవి యెవరివో మనమెరుగుట!

పాటల కూర్పునకును ఇదియే ధర్మము. మల్లీశ్వరి చిత్రము 1951లో వచ్చినది. అందు ఘంటసాల, భానుమతిగార్లు మేఘముతో విన్నవించుకొను పాటకు మాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి, వరుస సాలూరు రాజేశ్వరరావుగారిది. నాయిక రాజాంతఃపురమున చిక్కుకొనగా, నాయకుడు దూరమున కుములుచున్నాడు. ఈ సందర్భమెరుగక వినినచో అది మబ్బును గూర్చిన చక్కని పాట మాత్రమే. ఎరిగి వినినచో మేఘదూతము మనసున మెదలును. దేవదాసు 1953లో విడుదలయ్యెను. దాని సంగీతకర్త సి. ఆర్. సుబ్బరామన్ 1952లోనే మరణించుటచే, మిగిలిన పనిని ఆయన శిష్యులు విశ్వనాథన్, రామమూర్తులు పూర్తిచేసిరి. తన పాటలకు లోకము పట్టిన నీరాజనమును కన్నులార చూడని ఆయన పేరును మనమును విడిచితిమేని, అది కృతఘ్నత గాదా?

నేను నివసించు పుప్పాలగూడలో కంప్యూటరు కొలువుల యువకులు పలువురు ప్రయాణమున ఘంటసాలవారి పాటలు ఫోనులో విందురు. అది నాకెంతయు ముదావహము. కాని, పాట వ్రాసినవారెవరని యడిగినచో, 'ఘంటసాలగారే గదండీ!' యన్నవారు గలరు. తప్పు వారిది గాదు; పేర్లు చెప్పని పట్టికది.

కావున మీరు పాటలను ఏరి పిల్లలకిచ్చునపుడు ప్రతి పాటకును చిత్రము, సంవత్సరము, కవి, సంగీతకర్త యను నాలుగింటిని వ్రాసి యిండు. వీలున్నచో కథాసందర్భమును ఒక్క వాక్యమున చెప్పుడు. దీనివలన ఘంటసాలవారి కీర్తి తరుగదు; ఎంతటివారి మాటలకు, ఎంతటివారి వరుసలకు ఆయన ప్రాణము పోసిరో తెలిసి, మరింత పెరుగును.