క్లిప్పుల కుర్చీ పక్కన నిలబడే పిల్లకు చదువేది, రిజిస్ట్రేషన్ ఏది?

పళ్లకు క్లిప్పులు పెట్టించుకున్న పిల్లలు శ్రీకాళహస్తి లాంటి ఊళ్లలో కూడా ఇప్పుడు కనబడుతున్నారు. ఎత్తుపళ్లుంటే సంబంధాలు కుదరవని కొందరి భయం, ఇంటర్వ్యూలో ముఖం చూస్తారని ఇంకొందరి భయం. ఆ భయాల సంగతి వేరే మాట్లాడుకోవాలి. ఈ వ్యాసంలో మేం చెప్పదలచింది కుర్చీలో కూర్చున్న పిల్ల గురించి కాదు, ఆ కుర్చీ పక్కన సక్షన్ గొట్టం పట్టుకుని నిలబడిన పిల్ల గురించి. ఆమెను ఒక క్లినిక్‌లో అసిస్టెంట్ అంటారు, ఇంకోచోట సిస్టర్ అంటారు, ఇంకోచోట 'ఇదిగో అమ్మాయ్' అంటారు. ఇంటర్‌తో చదువు ఆగిపోయి, నెలకు ఎంతో కొంత వస్తుందని చేరి ఉంటుంది. మన వాడల నుంచి పోయిన ఆడపిల్లలూ ఈ పనిలో ఉన్నారు. పళ్లు శుభ్రం చేసే పనికి చట్టంలో ఒక పేరుంది, ఒక చదువుంది, ఒక రిజిస్టరుంది. ఆ మూడూ ఆమె దాకా రాలేదు.

ముందు ఆ పనేమిటో చూద్దాం. వంకర పళ్లను సరిచేసే వైద్యాన్ని ఆర్థోడాంటిక్స్ అంటారు. బీడీఎస్ తర్వాత మూడేళ్లు ఎండీఎస్ చదివిన డాక్టర్లు చేసే వైద్యం ఇది. ఏ పన్ను ఎటు జరగాలి, చోటు కోసం ఏ పన్ను పీకాలి అనే నిర్ణయం డాక్టరుదే. అందులో మరొకరికి వాటా లేదు. కానీ ఒక్కో కేసు ఏడాదిన్నర, రెండేళ్లు నడుస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి రావాలి. వచ్చిన ప్రతిసారీ డాక్టరు చెయ్యే పడాల్సిన పని కొంత. మిగిలింది, నేర్చుకున్న మరో మనిషి చేయగలిగిన పని.

క్లిప్పు అతికించే రోజునే తీసుకోండి. మొదట పన్ను మీది పాచి, గార తీయాలి. ప్యూమిస్ పొడితో రుద్దాలి. తర్వాత 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్ అర నిమిషం పాటు పూసి కడిగి, ఆరబెడితే పన్ను పైపొర సుద్దలా తెల్లబడుతుంది. దాని మీద జిగురు, బ్రాకెట్, ఆపైన నీలం లైటు. ఈ మొత్తంలో ఒక్క చుక్క ఉమ్మి ఆ పన్నును తాకినా అతుకు బలం పోతుంది. అంటే బ్రాకెట్ ఎన్నాళ్లు నిలుస్తుందనేది డాక్టరు చేతి నేర్పుతో పాటు, బుగ్గను పక్కకు పట్టి ఉమ్మిని లాగే మనిషి మీద కూడా ఆధారపడుతుంది. బ్రాకెట్ ఊడితే తొట్టంబేడు నుంచో బుచ్చినాయుడు కండ్రిగ నుంచో వచ్చే తల్లికి ఇంకో రోజు కూలి పోతుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి గోధుమ మచ్చలు పడ్డ పళ్లయితే మరీ కష్టం. ఆ పైపొర మీద ఆమ్లం సరిగా పట్టదు, బ్రాకెట్ త్వరగా ఊడుతుంది. కనిగిరి, నల్లగొండ ప్రాంతాల వాళ్లకు ఆ పళ్ల సంగతి మేం వేరే చెప్పక్కర్లేదు.

అసలు ముప్పు అతికించాక మొదలవుతుంది. బ్రాకెట్ చుట్టూ అన్నం మెతుకులు, పాచి ఇరుక్కుంటాయి. సరిగా తోమకపోతే నాలుగు వారాల్లోనే పన్ను మీద సున్నం చుక్కల్లాంటి తెల్ల మచ్చలు రావచ్చు. అవి పుచ్చుకు తొలి మెట్టు. చిగుళ్లు వాచి నెత్తురు కారుతుంది. పళ్లు వరసలోకి వచ్చి, క్లిప్పులు తీసిన రోజున మచ్చలు మిగిలితే ఖర్చంతా ఎందుకు పెట్టినట్టు? దీన్ని ఆపేది మందు కాదు, నేర్పడం. తీగ కింద ఏ బ్రష్ దూరుతుందో చూపించడం, వచ్చిన ప్రతిసారీ పాచి రంగు వేసి ఎక్కడ వదిలేశారో అద్దంలో చూపించడం, గార తీయడం. అక్షరం రాని తల్లికి అర్థమయ్యేలా, ఆమె మాటలో చెప్పగలగడం. ఈ చివరిది మన పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఇదంతా చేసే మనిషినే డెంటల్ హైజీనిస్ట్ అంటారు. అమెరికాలో బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్లో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు 1906లో ఐరీన్ న్యూమన్ అనే తన దగ్గరి సహాయకురాలికి ఈ పని నేర్పాడు. 1913లో అందుకోసం బడే పెట్టాడు. అంటే ఈ వృత్తి పుట్టిందే ఒక అసిస్టెంట్‌కు చదువు చెప్పడంతో. బ్రిటన్ ఇంకో అడుగు వేసింది: ఆర్థోడాంటిక్ థెరపిస్ట్ అనే కొత్త వృత్తి పెట్టి 2007లో శిక్షణ మొదలుపెట్టింది. అర్హత పొందిన డెంటల్ నర్సులు, హైజీనిస్టులు సుమారు ఏడాది నేర్చుకుని, డాక్టరు రాసిచ్చిన ప్రకారం తీగలు మార్చడం, బ్రాకెట్లు అతికించడం చేస్తారు. బాధ్యత ఎవరిదో రిజిస్టరులో ఉంటుంది.

మన దగ్గర చట్టం లేక కాదు. 1948 దంతవైద్యుల చట్టంలోనే హైజీనిస్ట్ అంటే ఎవరో రాశారు: పళ్ల గార తీసి, శుభ్రం చేసి, మెరుగుపెట్టే మనిషి, లేదా దంత శుభ్రత నేర్పే మనిషి. తీగ మార్చడం ఆ నిర్వచనంలో లేదు. అందుకే ఇక్కడ హైజీనిస్ట్ ఆర్థోడాంటిక్స్‌లో చేయగలిగింది పైన చెప్పిన శుభ్రత, నేర్పడం, డాక్టరుకు చేయందించడం. ఇంటర్ సైన్సు తర్వాత రెండేళ్ల డిప్లొమా ఇది. 2023లో పార్లమెంటు 1948 చట్టం స్థానంలో జాతీయ దంత కమిషన్ చట్టం చేసింది. థెరపిస్ట్ లాంటి వృత్తి మనకూ కావాలని అడగాలంటే ఇదే సమయం.

చట్టంలో ఇంకో సంగతి ఉంది, మన సంఘాల్లో దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1948 చట్టం 49వ సెక్షన్ ప్రకారం రిజిస్టరులో పేరు లేని మనిషి గార తీయడం నేరం. డాక్టరు బిజీగా ఉండి 'నువ్వు క్లీనింగ్ చేసెయ్' అన్నప్పుడు, అసిస్టెంట్ చేసేది ఆ పనే. రోగికి చిగురు తెగి గొడవైతే ముందు ఎవరి పేరు బయటికి వస్తుంది? పని నేర్చుకుని పదేళ్లు చేసిన పిల్లకు ఆ పదేళ్లు అనుభవం కింద లెక్క రావు, కానీ నేరం కింద రాగలవు. కాగితం లేకపోవడం అంటే ఇదీ.

ఎంగిలి మాట కూడా మాట్లాడుకోవాలి. మన ఊళ్లలో కులం నడిచేదే ఎంగిలి మీద. ఎవరి గ్లాసు ఎవరు ముట్టాలి, ఎవరు తాగిన లోటా ఎవరు కడగాలి అనే లెక్కలు ఇంకా పోలేదు. డెంటల్ క్లినిక్‌లో ఆ లెక్క తలకిందులయ్యే వీలుంది. మాలపల్లె పిల్ల, మాదిగవాడ పిల్ల ఎవరి నోట్లోనైనా చెయ్యి పెట్టి వైద్యం అందించవచ్చు. కానీ చదువు లేకుండా పోతే ఆమెకు మిగిలేది పాత ఎంగిలి పనే: ఉమ్మితొట్టి కడగడం, సక్షన్ సీసా పారబోయడం, నెత్తురంటిన పనిముట్లు రుద్దడం. అవి కూడా క్లినిక్‌కు అవసరమే, ఎవరో ఒకరు చేయాల్సిందే, కాదనం. అయితే ఆ పనులు ఎప్పుడూ ఒకే మనిషికి పడి, అద్దం, స్కేలర్ ఎప్పుడూ ఇంకొకరి చేతికి పోతే మాత్రం దాన్ని పని పంపకం అనలేం.

చదువు ఎక్కడ? శ్రీకాళహస్తికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో తిరుపతిలో, రేణిగుంట రోడ్డులో సీకేఎస్ తేజ దంత కళాశాల ఉంది. అది ప్రైవేటు. ప్రభుత్వ దంత కళాశాలలు కడపలో, విజయవాడలో ఉన్నాయి. ఆర్థోడాంటిక్స్ విభాగం, కుర్చీలు, రోగులు ఉన్న చోటే హైజీనిస్ట్ శిక్షణ సాగాలి, ఎందుకంటే ఈ పని పుస్తకంలో రాదు. ప్రభుత్వ కళాశాలల్లో ఈ డిప్లొమా సీట్లు, వాటిలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్, ఇప్పటికే క్లినిక్‌లలో పనిచేస్తున్న పిల్లలకు కొంత కోటా, ఆ పైన ఏరియా ఆసుపత్రుల్లో పోస్టులు. మా డిమాండ్ల క్రమం ఇది. చివరిది లేకుండా మొదటిది అడిగితే సర్టిఫికెట్ పట్టుకుని మళ్లీ అదే క్లినిక్‌లో అదే జీతానికి చేరాల్సి వస్తుంది.

బైపీసీ చదివే పిల్లలకు ఒక మాట. 'డెంటల్ అసిస్టెంట్, ఆరు నెలల్లో ఉద్యోగం' అనే బోర్డులు చూసి డబ్బు కట్టకండి. ఆ కోర్సుకు ఏ కౌన్సిల్ గుర్తింపు ఉందో కాగితం చూపించమనండి. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపుంటే ఎస్సీ విద్యార్థులకు కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. ఆ డబ్బు గుర్తింపు ఉన్న సంస్థలో, గుర్తింపు ఉన్న కోర్సుకే వస్తుంది.

ఇప్పటికే క్లినిక్‌లో పనిచేస్తున్న వాళ్లు రేపే అడగగలిగింది ఒకటుంది. క్లిప్పుల పనిలో తెగిన తీగ కొన వేలికి గుచ్చుకోవడం మామూలు. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం ఆ వ్యర్థాలు ముట్టే ప్రతి ఉద్యోగికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాల్సింది యజమానే. చిన్న క్లినిక్ అయినా మినహాయింపు లేదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు: మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. వేసిన తేదీలతో కార్డు తీసుకుని మీ దగ్గరే ఉంచుకోండి.