మీట నొక్కితే పేరు ఎట్లా వస్తుంది?

ఆదాయం సర్టిఫికెట్ కావాలి. కులం సర్టిఫికెట్ కావాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్లలో ఆడవాళ్లు ఇందుకోసం మీసేవ కేంద్రానికి పోతారు. మీసేవ 2011లో మొదలైంది. అక్కడి తమ్ముడు పేరు అడుగుతాడు. టకటకా మీటలు నొక్కుతాడు. తెర మీద పేరు కనిపిస్తుంది. అది ఎట్లా వస్తుంది?

కీబోర్డు

మీటలున్న పలకను కీబోర్డు అంటారు. పత్తి పెట్టేటప్పుడు చేనులో నిలువు సాళ్లు, అడ్డ సాళ్లు తోలుతారు. రెండు సాళ్లు కలిసిన చోట గింజ పెడతారు. కీబోర్డు లోపల కూడా అట్లాగే ఉంటుంది. సన్నని కరెంటు దారులు నిలువుగా, అడ్డంగా ఉంటాయి. రెండు దారులు కలిసే చోట ఒక మీట. మీట నొక్కితే ఆ రెండు దారులు తాకుతాయి. లోపలి చిన్న చిప్పు ఏ మీట నొక్కారో కనిపెడుతుంది.

ప్రతి మీటకూ ఒక నంబరు ఉంది. కంప్యూటరు సెకనుకు సుమారు 100 సార్లు "ఏమైనా కబురుందా?" అని కీబోర్డును అడుగుతూనే ఉంటుంది. కొన్నిట్లో ఇంకా ఎక్కువ సార్లు అడుగుతుంది. అప్పుడు కీబోర్డు ఆ నంబరు పంపుతుంది. అక్షరం పంపదు, నంబరే పంపుతుంది. ఆ నంబరుకు ఏ అక్షరమో కంప్యూటరు చూసుకుంటుంది. యూఎస్‌బీ వైరున్న కీబోర్డులో 'జె' మీట నంబరు 13. ఇంగ్లీషు పెట్టుకుంటే దానికి 'జె' వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు అమరిక పెట్టుకుంటే అదే మీటకు 'ర' వస్తుంది.

మౌసు

మౌసు అంటే ఎలుక. వైరు తోకలాగ ఉంటుంది కదా! మొదటి మౌసును 1964లో అమెరికాలో చెక్కతో చేశారు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీరు ఆలోచన అది. ఇప్పటి మౌసు అడుగున చిన్న దీపం, చిన్న కెమెరా ఉంటాయి. కెమెరా సెకనుకు వెయ్యికి పైగా ఫోటోలు తీస్తుంది. బస్సు కిటికీలోంచి చెట్లు వెనక్కి పోతుంటే బస్సు ముందుకు పోతుందని తెలుస్తుంది. మౌసు కూడా ఫోటోలు పోల్చి, ఎటు జరిగిందో, ఎంత జరిగిందో లెక్క పంపుతుంది. తెర మీద బాణం గుర్తు అట్లాగే జరుగుతుంది. వైరు లేని మౌసు ఈ కబురును రేడియో తరంగాలతో పంపుతుంది.

తప్పు ఎక్కడ వస్తుంది?

'ర' మీట పక్కనే 'క' మీట ఉంది. దాని నంబరు 14. వేలు కొంచెం జరిగిందనుకోండి. 13కు బదులు 14 పోతుంది. రాజమ్మ కాస్తా కాజమ్మ అవుతుంది. తన పేరు రాజమ్మ అని కీబోర్డుకు తెలియదు. కంప్యూటరుకూ తెలియదు. వచ్చిన నంబరును బట్టి అక్షరం వేస్తుంది, అంతే. ఆధార్ కార్డులో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు ఉంటే పని ఆగిపోవచ్చు. కూలి పోగొట్టుకుని మళ్లీ తిరగాలి.

అందుకే కాగితం అచ్చు కాకముందే అడగాలి. "తమ్మీ, ఆగు. తెర ఇటు తిప్పు. నా పేరు చదువుకుంటా" అనాలి. పేరు, ఊరు, ఇంటాయన పేరు, పుట్టిన తేదీ ఒక్కొక్కటే చదవాలి. అడగడానికి మొహమాటం వద్దు.

చదివి తేడా చెప్పండి:
రాజమ్మ – కాజమ్మ
రమ – కమ
13 – 14